నల్లద్దాలు పెట్టుకోను

నేను నల్లద్దాలు పెట్టుకోను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను కొత్తగా చూసినవాళ్ళు బాగున్నావా అని అడిగాక ఇచ్చే మొదటి సలహా అదే. నా కుడి కంటి నల్లగుడ్డు మీద, కొంచెం కిందివైపు, తెల్లటి మచ్చ ఉంది. మా వైపు దాన్ని పువ్వు అంటారు. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసే పిల్లలు "ఆంటీ, జర పక్కకు తిరుగుండ్రి" అంటారు. నేను తిరగను. కెమెరా వైపే చూస్తాను. ఆ మచ్చ అంతకంటే పెద్దది కాకుండా ఆపడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. దాన్ని దాచుకోమని చెప్పేవాళ్ళు అందులో ఒక్క పాటూ పడలేదు.

మా ఇల్లు కాశిబుగ్గలో. ముందు గదంతా మగ్గమే. మేం నేసేవి జంపఖానాలు, మంచం మీదికి చిన్నవీ, పెళ్ళి పందిట్లో పరిచే పెద్దవీ. పెద్దవి ఒక్కరు నేసేవి కావు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు పోగుల మధ్యలోంచి నూలు నింపిన నాడెను తోస్తే రెండోవాళ్ళు ఆ చివర అందుకుని, తిప్పి ఇటు తోయాలి. కుడిపక్కన కూర్చున్నవాళ్ళదే పెత్తనం. రంగు ఎప్పుడు మార్చాలో, అంచు ఎక్కడ తిప్పాలో వాళ్ళే చెబుతారు. మా మామ బతికున్నన్నాళ్ళూ అక్కడ ఆయన కూర్చున్నాడు, ఆయన పోయాక మా ఆయన. నేను పెళ్ళయి వచ్చిన దగ్గర్నించీ ఎడమపక్కే. మా అత్తమ్మ గడప దగ్గర రాట్నం ముందేసుకుని నూలు కండెలకు చుట్టి, బుట్టలో వేసి కుడిపక్కన పెడుతుంది.

మగ్గం ఉన్న ఇంట్లో కంట్లో నలక పడటం వింత కాదు. జంపఖానాకు వాడేది ముతక నూలు. అందులో పత్తిగింజ పెంకులు, ఆకు తునకలు ఇరుక్కుని ఉంటాయి. పోగును గట్టిగా కొట్టినప్పుడు అవి ఎగిరి ఎక్కడ పడితే అక్కడ పడతాయి. మా వాడలో ఎవరి కంట్లో నలక పడ్డా నేరుగా మా అత్తమ్మ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆవిడ రాట్నం పక్కనున్న నూలు చిలప లోంచి ఒక కొత్త పోగు తెంపి, కొసను రెండు వేళ్ళ మధ్య మెలేసి, నాలుక మీద తడిపి, బొటనవేలితో రెప్ప పైకెత్తి ఆ కొసతో నలకను అద్ది తీసేది. చూస్తుండగానే అయిపోయేది. తీసిన నలకను వేలికొన మీద పెట్టి చూపించేది. చెయ్యి మంచిది అని వాడంతా చెప్పుకునేవాళ్ళు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నా కంట్లో పడింది. సూదితో గుచ్చినట్టయి నాడెను వదిలేశాను.

"కదలకు పిల్లా. కిందికి సూడు," అంది అత్తమ్మ. తడి పోగు కంటి మీద నడవడం తెలిసింది. "అగో, వచ్చింది. గింజ పెంకు. గింతదానికే గంత లొల్లా?"

నవ్వుకుని మళ్ళీ నేతలో కూర్చున్నాం. రెండు రోజుల్లో కన్ను ఎర్రబడింది. నీళ్ళు కారాయి. రెప్ప కింద ఇసుక పోసినట్టు గరగర. కండ్లకలక అన్నారు అందరూ. తలా ఒక వైద్యం. ఒకామె బాలింత పాలు పిండమంది, ఒకామె నందివర్ధనం పూలు పెట్టుకోమంది. అత్తమ్మ మాత్రం ఫ్రిజ్ తలుపులోంచి ఒక చిన్న సీసా తీసింది. ఆవిడకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు రాసిచ్చిన చుక్కల మందులో మిగిలింది. ఖరీదైన మందు, పారబోయడానికి చెయ్యి రాక దాచిపెట్టింది.

"నా కన్నే బాగు చేసింది, నీదెంత," అంది.

వేసుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ మందు అమృతంలా పనిచేసింది. తెల్లారేసరికి ఎరుపు తగ్గింది. గరగర తగ్గింది. అత్తమ్మ వాడంతా తిరిగి చెప్పింది. నేనూ సంతోషంగా రోజూ వేసుకున్నాను. ఆ తరవాత ఒక పొద్దున తలుపు తీస్తే వెలుతురు కంట్లో కారం చల్లినట్టు మండింది. అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద గంజి చుక్క పడ్డట్టు తెల్లగా ఉంది. తుడిస్తే పోతుందేమోనని పిచ్చిదానిలా తుడిచాను. పోలేదు. ఎడమ కన్ను మూసుకుని చూస్తే ఎదురుగా ఉన్న మా ఆయన మొహం పొగలో ఉన్నట్టు కనిపించింది.

"దవాఖానకు పోదాం పా," అన్నాడాయన.

"ఇంకొన్ని చుక్కలేస్తే పోతది," అంది అత్తమ్మ.

నేను అప్పటికే చెప్పులు తొడుక్కున్నాను.

కంటి దవాఖానలో డాక్టరమ్మ నాకంటే చిన్నది. నా గడ్డం మిషన్ మీద పెట్టించి, కంట్లో పసుప్పచ్చ మందు అద్ది, నీలం లైటు వేసి చాలాసేపు చూసింది. పుండున్న చోట ఆ మందు పచ్చగా మెరుస్తుందట. తరవాత నా చేతిలోని సీసా తీసుకుని పేరు చదివింది. ఆమె మొహం మారిపోయింది.

"ఈ చుక్కలు మీకెవరు రాసిచ్చిన్రమ్మా?"

"మా అత్తమ్మయి మేడం. ఆమెకు ఆపరేషన్ అయినప్పటియి."

"ఆమెకు ఆపరేషన్ అయింది. మీ కంట్ల పుండున్నది. రెండు ఒకటేనా?"

ఆవిడ కోప్పడింది గానీ విడమరిచి చెప్పింది. అది నాకు నచ్చింది. కంటికి ముందు గడియారం అద్దంలా ఒక పొర ఉంటుంది. దాన్నే కార్నియా అంటారు. అందులో రక్తం నడవదు. అందుకే అంత తేటగా ఉంటుంది, అందుకే దాన్లోంచి వెలుతురు లోపలికి దిగుతుంది. దాని మీద చిన్న గీత పడ్డా క్రిములకు తలుపు తెరిచినట్టే. ఒక్కొక్కరికి ఒక్కో క్రిమి, ఒక్కో క్రిమికి ఒక్కో మందు. నా కంట్లోకి దూరింది బూజు, చెట్టూ చేమల మీద, పత్తి మీద, గడ్డి మీద ఉండే బూజే. అత్తమ్మ మందు వాపును తగ్గించే మందు. ఆపరేషన్ అయిన కంటికి అది కావాలి. బూజు పట్టిన కంటికి మాత్రం అది పగ. ఎరుపును చల్లారుస్తుంది, కానీ బూజుతో కొట్లాడే మన ఒంటి బలాన్ని కూడా నిద్రపుచ్చుతుంది. నేను తగ్గిందని సంబరపడిన రోజులన్నీ లోపల పుండు హాయిగా లోతుకు దిగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా కథ అదే.

చుక్కలతో కంటిని తిమ్మిరెక్కించి పుండు మీంచి కొంచెం గీకి, గాజు పలక మీద రాసి, మిషన్ కింద పెట్టి చూశారు. నన్నూ చూడమంది డాక్టరమ్మ. ఎడమ కంటితో చూశాను. సన్నటి పోగులు. ఒకదానిలోంచి ఒకటి చీలి, అడ్డదిడ్డంగా అల్లుకున్నాయి.

"నేత రానోడు నేసినట్టున్నది మేడం," అన్నాను.

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కోపం వచ్చింది. నా చేతుల్తో ఎన్ని జంపఖానాలు నేశానో లెక్కలేదు, నన్ను అడక్కుండా నా కంట్లోనే మగ్గం పెడతావా అనిపించింది. భయం తరవాత వచ్చింది, మందుకు పుండు తగ్గకపోతే పొర పలచబడి చిల్లి పడుతుందని, అప్పుడు చనిపోయినవాళ్ళు దానమిచ్చిన పొర తెచ్చి కుట్టాల్సి వస్తుందని ఆమె చెప్పినప్పుడు.

"నేను మళ్ళ మగ్గం మీద కూసుంటనా?" అని అడిగాను. నాకు కావలసింది ఆ ఒక్క జవాబే.

"చుక్కలు ఎగ్గొట్టకుంటే చూద్దాం," అంది.

ఎగ్గొట్టడమా? గంటకోసారి వేయాలన్నారు. ఫోనులో అలారం పెట్టుకున్నాను, వాడంతా వినపడేంత గట్టిగా. సీసా అడుగున తెల్లటి మందు పేరుకుంటుంది, బాగా ఊపి, చేతులు సబ్బుతో కడుక్కుని, సీసా మూతి కంటికి తగలకుండా ఒక్క చుక్క. నొప్పి తగ్గడానికి ఇంకో మందు, రెంటికీ నడుమ కాసేపు ఆగాలి. కట్టు కట్టొద్దు, నలపొద్దు, కంట్లోకి నీళ్ళు పోనీయొద్దు. రాత్రిళ్ళు మా ఆయన లేచి వేసేవాడు. అప్పట్లో నల్లద్దాలు పెట్టుకున్నాను, అదీ చెప్పాలి. వెలుతురు పడేది కాదు. అవి నా కంటికోసం పెట్టుకున్నవి, చూసేవాళ్ళ కోసం కాదు.

మా చుట్టాల పెళ్ళిలో సరిగ్గా తలంబ్రాల వేళకు నా అలారం మోగింది. అందరూ నా వైపు తిరిగారు. నేను ప్లాస్టిక్ కుర్చీలో తల వెనక్కి వాల్చి చుక్క వేసుకుని, కన్ను మూసుకుని అలాగే కూర్చున్నాను. "శుభకార్యంల ఇదేంది, ఇంటికాడ ఉండరాదూ," అని ఎవరో అన్నారు. "తలంబ్రాలు ఆగుతయ్ గని నా కన్ను ఆగదు," అన్నాను కన్ను తెరవకుండానే. ఆ మాట చాన్నాళ్ళు చెప్పుకుని నవ్వారు. నవ్వనీ.

పత్యం సంగతి ఇంకో గొడవ. వంకాయ తినొద్దు, పప్పు తింటే చీము పడుతుంది, గోంగూర ముట్టొద్దు. డాక్టరమ్మను అడిగితే అన్నీ తినమంది. ఇంటికొచ్చి గుత్తి వంకాయ చేసుకుని, పరామర్శకు వచ్చిన అమ్మలక్కల ముందే కూర్చుని తిన్నాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సణిగారు. అవును, నాది ఉలిపికట్టె దారే. ఊరి దారిన నడిస్తేనే కన్ను ఇంతకొచ్చింది.

అసలు యుద్ధం మాత్రం అత్తమ్మతోనే. దవాఖాన నుంచి వచ్చిన రోజే చెప్పాను, ఇక ఎవరి కంట్లోనూ పోగు పెట్టొద్దని. నోట్లో తడిపిన పోగుతో, ఉమ్మిలోని క్రిములు కూడా కంట్లోకి పోతాయని. ఆవిడ రాట్నం ఆపలేదు.

"నీ పెండ్లి కాకముందు సంది తీస్తాన. ఒక్కల కన్నన్న పోయిందా? పెంకుతోని వచ్చిందో, నా పోగుతోని వచ్చిందో, నీకెట్ల ఎర్క?"

నిజానికి ఎరుక లేదు. డాక్టరమ్మ కూడా తేల్చి చెప్పలేదు. పెంకే బూజును మోసుకొచ్చి ఉండొచ్చు. పోగు దాన్ని ఇంకొంచెం లోపలికి గీరి ఉండొచ్చు. తేలిందల్లా ఆ మిగిలిపోయిన చుక్కల సంగతే.

"మరి చుక్కలో?" అన్నాను.

అత్తమ్మ చేతిలోని కండెను బుట్టలో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం కూడా తినలేదు. నాకు జాలి కలగలేదు. కన్ను సలుపుతుంటే జాలి ఎక్కడ మిగులుతుంది? ఆ తరవాత కూడా నలక పడ్డవాళ్ళు వస్తూనే ఉన్నారు. నేను గడపకు అడ్డం నిలబడి మంచినీళ్ళతో కడుక్కోండి, పోకపోతే దవాఖానకు పోండి అని పంపించేదాన్ని. అత్తమ్మ మొహం తిప్పుకుని రాట్నం ఇంకా జోరుగా తిప్పేది. మా ఇద్దరి మధ్యా మా ఆయన ఉప్పందించు, చెంబందించు అంటూ రాయబారాలు మోశాడు.

వారాలు గడిచాయి. పుండు అంచులు మెల్లగా లోపలికి ముడుచుకున్నాయి. చుక్కలు గంటకోసారి నుంచి తగ్గాయి. ఒక రోజు డాక్టరమ్మ పసుప్పచ్చ మందు అద్ది, నీలం లైటు వేసి చూసి, "మూసుకుపోయింది," అంది. ఆ మిషన్ మీద గడ్డం పెట్టుకునే ఏడ్చాను. మచ్చ మాత్రం ఉంటుందని, దానివల్ల ఆ కంటికి చూపు మసకగానే ఉంటుందని, పొర మార్చే సంగతి కన్ను పూర్తిగా కుదురుకున్నాక ఆలోచిద్దామని చెప్పింది. సరేనన్నాను. నాకు మగ్గం కావాలి.

ఇంటికొస్తే నా చోట్లో మా మరిది కూర్చుని నేస్తున్నాడు. నేను పడుకున్నన్ని రోజులూ అతనే నేశాడు, అందుకు నాకు కృతజ్ఞత ఉంది. కానీ నేను వచ్చాక కూడా లేవలేదు.

"నువ్వు ఇగ కండెలు చుట్టరాదూ," అన్నాడు మా ఆయన, నా మొహం చూడకుండా. "అమ్మకు గూడ చేతనైతలేదు. కంటికి బరువెందుకు?"

"నా కంటికి బరువో తేలికో నాకు తెల్వదా?" అన్నాను. "లే మరిదీ."

లేచాడు. కూర్చున్నాను. మా ఆయన నాడె తోశాడు. అందుకోబోయాను, నా చెయ్యి ఉత్త గాలిని పట్టుకుంది. నాడె కింద పడి దొర్లింది. మళ్ళీ తోశాడు. మళ్ళీ పడింది. ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో రెండు కళ్ళూ కలిస్తేనే తెలుస్తుందని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. మరిది జాలిగా చూశాడు. ఆ చూపు కంటిలోని పుండు కంటే ఎక్కువ నొప్పెట్టింది. సిగ్గుతో, ఉక్రోషంతో మగ్గం మీంచి లేచిపోయాను.

తెల్లవారి పళ్ళు తోముకుంటుంటే తట్టింది. నేను ఎడమపక్కన కూర్చుంటే మగ్గమంతా, మా ఆయనా, వచ్చే నాడె కూడా, అన్నీ నా కుడివైపు, మసక కంటివైపే. అదే కుడిపక్కన కూర్చుంటే అన్నీ మంచి కంటివైపు వస్తాయి. మొహం కూడా సరిగ్గా కడుక్కోకుండా వెళ్ళి కుడిపక్కన కూర్చున్నాను.

మా ఆయన చాయ్ గ్లాసుతో వచ్చి నిలబడిపోయాడు.

"అది నాయిన కూసున్న జాగ," అన్నాడు.

"మామ ఉంటే ఆయన్నే అడుగుదును. లేడు గద. నువ్వు అటు కూసో."

"వాడోళ్ళు నవ్వుతరు."

"నా కన్ను చూసి ఎట్లాగూ నవ్వుతాన్రు. నీ జాగ చూసి గూడ నవ్వనీ."

చాయ్ చల్లారిపోయింది. చివరికి గొణుక్కుంటూ వెళ్ళి ఎడమపక్కన కూర్చున్నాడు. నాడె తోశాడు. మొదటిది జారింది. రెండోది వేళ్ళకు తగిలి పడింది. ఆ పూటంతా పడేస్తూనే ఉన్నాను, ఆయన ఏరి ఇస్తూనే ఉన్నాడు. ఎడం చెయ్యి అలవాటు లేక ఆయనా తడబడ్డాడు, అది చూసి నాకు కొంచెం సంతోషం వేసింది. ఆ జంపఖానా అంచు వంకరపోయింది. దాన్ని అమ్మలేదు, మేమే పరుచుకుంటున్నాం. తరవాతది వంకర పోలేదు.

అత్తమ్మ మాత్రం కండెల బుట్ట తెచ్చి ఎప్పటిలాగే కొడుకు పక్కనే పెట్టేది. కుడి అయినా ఎడమ అయినా బుట్ట ఆయన దగ్గరికే. రంగు మార్చాల్సి వచ్చినప్పుడల్లా నేను లేచి చుట్టూ తిరిగి వెళ్ళి తెచ్చుకునేదాన్ని. అడగలేదు. ఆవిడది ఒక మొండితనమైతే నాది ఇంకొకటి.

మొన్న వానాకాలం మొదట్లో, వరి నాటుకు పోయి వచ్చిన ఒకామె కన్ను పట్టుకుని మా గడప దగ్గర నిలబడింది. పాలంపేట వైపు వాళ్ళ తల్లిగారి ఊరట, మా వాడలో కోడలిగా వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. గడ్డిపోచ తగిలిందట. ఇక్కడ తీస్తారని ఎవరో చెప్పారట. నా చేతిలో నాడె ఉంది, పోగు సగంలో ఉంది. నేను లేచేలోపే అత్తమ్మ చిలప లోంచి పోగు తెంపింది. కొసను వేళ్ళ మధ్య మెలేసింది. నాలుక దాకా తీసుకెళ్ళింది.

నేను అరవబోయాను. అత్తమ్మ చెయ్యి అక్కడే ఆగింది. ఆ పోగును చూసుకుంది. పక్కన పడేసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ఆ పిల్ల రెక్క పట్టుకుని మగ్గం దాకా, నా దగ్గరికి నడిపించుకొచ్చింది. నాతో జగడానికే వస్తోందనుకుని నేనూ మాట సిద్ధం చేసుకున్నాను.

"ఇటు తిరుగు కోడలా," అంది. నా గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం వెలుతురుకు ఎత్తింది.

"ఇగో, సూడు బిడ్డా. ఈ పువ్వు గనవడుతాందా? గిట్లనే నా దగ్గరికొచ్చింది. పోగుతోని తీసిన, నా చుక్కలు పోసిన. నేను జేసిందే ఇది. కడుక్కోని జల్ది దవాఖానకు పో. ఎవ్వలి చుక్కలు ఎయ్యకు."

ఆ పిల్ల బిక్కమొహంతో నా కన్ను చూస్తోంది. అత్తమ్మ మీద నా కోపం పోయిందని అబద్ధం చెప్పను, ఇప్పటికీ కొంత ఉంది. కానీ ఆవిడ చెయ్యి తోసెయ్యలేదు. ఆ పిల్లకు బాగా కనిపించాలని రెప్ప పైకెత్తి కన్ను ఇంకొంచెం పెద్దగా తెరిచాను.